సాక్షి లేని సింహాసనం

మూడు పక్కల కొండలు, నాలుగో పక్క ఏరు. ఆ మధ్యన పిడికెడంత రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు ఇప్పలకోట. దాన్ని ఏలే రాజు బలభద్ర భూపతి.

రాజు చెడ్డవాడేమీ కాడు. ఏడాదికోసారి పల్లెలన్నీ తిరిగి మంచీ చెడ్డా కనుక్కునేవాడు. కాని తన గొప్ప అంటే ఆయనకు చెప్పలేనంత మమకారం. సభలోకి అడుగుపెట్టే ముందు వందిమాగధులు ఆయన బిరుదులు పదహారూ చదవాలి. ఒక్కటి తప్పినా గుమ్మం దాకా వచ్చినవాడు వెనక్కి పోయి, మొదటి నుంచీ మళ్లీ చదివించుకుని వచ్చేవాడు.

దేవుడు ఆయనకు ఏనుగులాంటి విగ్రహాన్నిచ్చి, గొంతు మాత్రం సన్నటిది ఇచ్చాడు. ఎంత గట్టిగా ఆజ్ఞాపించినా తూనీగ రెక్కలాడినట్టు వినిపించేది. ఈ సంగతి రాజ్యంలో అందరికీ తెలుసు. పైకి అన్నవాడు మాత్రం లేడు.

రాజుగారి అడపం మోసేవాడు బయ్యన్న. తమలపాకులూ వక్కలూ ఉన్న వెండి పెట్టె పట్టుకుని ఎప్పుడూ ఆయనకు మూరెడు దూరంలో ఉండడమే అతని కొలువు. తమలపాకు చిలక చుట్టి అందిస్తూ ఒక చమత్కారం అనేవాడు. రాజు నవ్వేవాడు. రాజుతోనే హాస్యాలాడతాడు కదా అని జనం బయ్యన్నను గుండె దిటవు గలవాడనుకునేవారు. నిజానికి అతను ఒట్టి పిరికివాడు. భయం వేసినప్పుడే అతనికి మాటలు తోచేవి. రాజుగారి పక్కన రోజంతా భయమే కాబట్టి, రోజంతా ఏదో ఒకటి తోస్తూనే ఉండేది.

ఒక ఏడు రాజుకు కొత్త కోరిక పుట్టింది. తాను సభలో అడుగుపెట్టగానే మూడు ఆమడల దాకా వినిపించే కంచుగంట ఒకటి మోగాలి. వెంటనే కంచరివీధి పెద్ద గురవాచారిని పిలిపించాడు.

"విజయదశమికి గంట కోటమీద వేలాడాలి," అన్నాడు రాజు.

"చిత్తం ప్రభూ," అన్నాడు గురవాచారి. ఆయన చేత్తో పోసిన గంట ఒక్కటీ పగిలిందని ఎవరూ ఎరగరు.

పని మొదలైంది. ఒకరోజు పొద్దున్నే రాజు పల్లకీలో ఏటి ఒడ్డుకు బయలుదేరాడు.

"ప్రభూ, కంచరివీధి మీదుగా పోదామా?" అన్నాడు పక్కన నడుస్తున్న బయ్యన్న. "ఈవేళ చిన్న గంటలు పోస్తున్నారు. గురవాచారి చెల్లెలు కొండమ్మ కొలిమి దగ్గర కూర్చుని కథ చెబుతుంది. వినసొంపుగా ఉంటుంది."

ఆ మాట అన్నందుకు బయ్యన్న తరవాత ఎన్నిసార్లు తనను తాను తిట్టుకున్నాడో లెక్కలేదు.

పల్లకీ వీధి మొగలోకి వచ్చేసరికి లోపలి నుంచి కొండమ్మ గొంతు వినిపిస్తోంది. "...అప్పుడా రాజుగారు కొండకెక్కి, మంచును చూసి 'తొలగిపో' అని అరిచారట. ఆ అరుపు దోమ పాడినట్టుంది. చెవి దగ్గర ఏదో ముసురుతోందనుకుని మంచు కొండను ఇంకాస్త దగ్గరకు లాక్కుని, ముసుగులా కప్పుకుని పడుకుందట!"

తిత్తులు ఊదుతున్న పన్నెండు మందీ పగలబడి నవ్వారు.

పల్లకీ తెర పక్కకు జరిగింది. రాజు ముఖం చూసి బయ్యన్న వెండి పెట్టె ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"వెనక్కి తిప్పండి," అన్నాడు రాజు.

ఆ మధ్యాహ్నమే మహామంత్రి సోమయాజి శాసనం రాశాడు. సోమయాజి గొప్ప తార్కికుడు. తాను ఒప్పుకోనిది లోకంలో లేదని ఆయన నమ్మకం. శాసనం చిన్నదే. "కంటితో చూసిన సాక్షి లేని మాట ఈ రాజ్యంలో ఎవరూ చెప్పరాదు. అటువంటి మాటను నమ్మి ఏ పనీ చేయరాదు. ఎవరు చెప్పినా వారి నాలుక కోయబడును. విని ఫిర్యాదు చేయనివారికీ అదే శిక్ష."

"ప్రభూ," అన్నాడు సోమయాజి, "దీనితో అబద్ధం అనేది రాజ్యం దాటిపోతుంది. కథలు విని జనం పని చెడగొట్టుకోవడమూ ఆగుతుంది."

రాజు బయ్యన్న వైపు తిరిగాడు. "ఆ వీధికి నన్ను తీసుకుపోయింది నువ్వే. కాబట్టి ఆ వీధికి కాపలా నువ్వే. ఈ శాసనం అమలు చేసే అధికారివి కూడా నువ్వే. ఒక్క కథ వినిపించినా వచ్చి నాతో చెప్పాలి."

బయ్యన్న తల వంచుకుని చిలక చుట్టాడు. సున్నం ఎక్కువై రాజుగారి నోరు పొక్కింది.

మర్నాటి నుంచి బయ్యన్న కంచరివీధిలో ఒక అరుగు మీద కూర్చునేవాడు. తానెన్నడూ ఎరగని నిశ్శబ్దం ఆ వీధిలో పరుచుకుంది. తల్లులు పిల్లల్ని కథ చెప్పకుండానే నిద్రపుచ్చుతున్నారు. కొండమ్మ కొలిమి పక్కన తన పీటమీదే కూర్చుంటోంది గాని, పెదవి విప్పడం లేదు. బయ్యన్నను చూసి పన్నెండు మందీ తలలు తిప్పుకునేవారు. నిన్నటిదాకా వాళ్లు అతన్ని చూస్తే మజ్జిగ తెచ్చి ఇచ్చేవాళ్లు.

పెద్ద గంట మొదటిసారి పోశారు. అచ్చు పగలగొట్టి చూస్తే గంట ఒంటినిండా చిల్లులే. చెదలు తిన్న చెక్కలా ఉంది.

గురవాచారి గంటను ముక్కలు చేసి మళ్లీ కరిగించాడు. రెండోసారి పోశాడు. ఈసారి గంట నున్నగా వచ్చింది. వీధి వీధంతా ఊపిరి పీల్చుకుంది. కాని తడికెల నీడన పెట్టిన ఆ గంట, రెండో రోజు మధ్యాహ్నం ఎవరూ ముట్టుకోకుండానే టప్పుమంది. అంచు నుంచి భుజం దాకా ఒకటే బీట.

సంగతి సభకు చేరింది. "ఇది ద్రోహం ప్రభూ," అన్నాడు సోమయాజి. "కథ మాన్పించినందుకు కక్ష. నలభై ఏళ్లుగా తప్పని చెయ్యి ఇప్పుడే రెండుసార్లు తప్పుతుందా?"

రాజు ముఖం గట్టిపడింది. "దశమికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. మూడోసారి పొయ్యమనండి. అది కూడా చెడితే, ఆ రెండు చేతులతో గురవాచారికి ఇక పని ఉండదు. తీయించేస్తాను."

బయ్యన్న ఆ కబురు మోసుకుని వీధికి వెళ్లాడు. దారి పొడుగునా తానే చెప్పాలా, వేరెవరినైనా పంపాలా అని ఆలోచిస్తూనే నడిచాడు. చివరికి తానే చెప్పాడు. గురవాచారి తన అరచేతులు ఒకసారి చూసుకుని, పంచెకు తుడుచుకున్నాడు.

"ఏం తప్పు జరుగుతోంది ఆచారిగారూ?" అని బతిమాలుతున్నట్టు అడిగాడు బయ్యన్న. "అదే మట్టి, అదే కంచు, అదే కొలిమి కదా?"

"నాకూ అంతుపట్టడం లేదు బయ్యన్నగారూ. తగరం ఎప్పుడు వెయ్యాలో, కరుగు ఎప్పుడు దించాలో చెయ్యి దానంతటదే చేసేది. ఇప్పుడు అడిగితే చెప్పడం లేదు."

పక్కనున్న కొండమ్మ అప్పుడు నోరు తెరిచింది. "అయ్యా, నేను కళ్లారా చూసింది చెప్పొచ్చా?"

"చెప్పొచ్చమ్మా. నీకు నువ్వే సాక్షివి."

"అయితే వినండి. మా వీధిలో కొలిమి రాజేసినప్పుడల్లా మా అమ్మ ఒకటే కథ చెప్పేది. ఆమె పోయాక నేను చెబుతున్నాను. ఆ కథలో ఒక ఇల్లాలుంది. పొలానికి పోయిన ఆమె పెనిమిటి కొండమీద మంచులో దారి తప్పాడు. ఆమె పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ కరిగించి గంట పోసింది..." అంటూ ఆగి, భయంగా బయ్యన్న ముఖంలోకి చూసింది. "ఇది కథ చెప్పడం కిందికి వస్తుందా?"

బయ్యన్న అటూ ఇటూ చూశాడు. "కథలో ఏముందో చెబుతున్నావు గాని కథ చెప్పడం లేదులే. కానివ్వు, నెమ్మదిగా కానివ్వు."

"ఆమె బిందె కరిగించే చోటికి వచ్చేసరికి రాగి కరుగుతుంది. పెళ్లినాటి పళ్లెం చేతిలోకి తీసుకుని ఏడ్చే చోట అన్నయ్య తగరం వేస్తాడు. నేనెంత ఏడిపిస్తే అంతసేపు వేస్తాడు. తరవాత రాజుగారొచ్చి మంచును తిట్టే చోటు. అక్కడ అందరూ నవ్వుతారు. నవ్వుతూ తిత్తులు ఊదలేరు కదా? మంట కాస్త దిగుతుంది. ఆ కాస్తలో మలినమంతా తెట్టుగా పైకి తేలుతుంది. అన్నయ్య దాన్ని తీసేస్తాడు. చివర పెనిమిటి అడుగుల చప్పుడు వినిపించే చోట పోస్తాడు. నేను యాభై ఏళ్లుగా చూస్తున్నాను. ఒక్కసారీ తప్పలేదు."

గురవాచారి కొలిమి వైపు తిరిగాడు. "నేను నిప్పును చూడడం లేదా ఇన్నాళ్లూ?" అన్నాడు మెల్లగా.

"నువ్వు నా మాట విన్నావు అన్నయ్యా. అంతకుముందు అమ్మ మాట విన్నావు."

తిత్తులు ఊదే వాళ్లలో ఒకడు, దాలయ్య అనే ముసలివాడు, నేలచూపులు చూస్తూ అన్నాడు. "అదొక్కటే కాదు అయ్యా. కథలోని ఆ తల్లి కోసమని ఊదేవాళ్లం. రెక్కలు పడిపోతున్నా, ఇప్పుడు ఆపితే ఆయన కొండమీదే ఉండిపోతాడు కదా అనిపించేది. ఇప్పుడు ఎవరి కోసం ఊదుతున్నామో తెలియడం లేదు. చేతులు వాటంతటవే ఆగిపోతున్నాయి."

ఆ సాయంత్రమే బయ్యన్న ధైర్యం కూడగట్టుకుని రాజుకు ఉన్నదున్నట్టు విన్నవించాడు. సగం చెప్పేసరికే రాజు చెయ్యెత్తాడు.

"నన్ను వెక్కిరిస్తే తప్ప నా గంట రాదంటావు?"

"ప్రభూ, అది తమను గురించిన కథ కాదు. వాళ్ల ముత్తవ్వల నాటిది."

"దానికి సాక్షి ఎవరు?"

బయ్యన్న పెట్టె మూత తెరిచి, మళ్లీ మూశాడు.

"కంచర్లు ఇలాగే చెప్పి పంపుతారని సోమయాజి ముందే అన్నాడు," అన్నాడు రాజు. "ఇంకోసారి ఈ మాట ఎత్తితే గురవాచారి చేతులకు తోడు నీ నాలుక కూడా పోతుంది."

ఆ తరవాత మూడు రోజులు బయ్యన్నకు ముద్ద దిగలేదు. పెట్టెలో ఆకులు సర్దుతుంటే గురవాచారి అరచేతులు కనిపించేవి. ఆ వీధికి రాజును తీసుకుపోయింది తాను. నోరు మూసుకుంటే ఆచారి చేతులు పోతాయి. నోరు తెరిస్తే తన నాలుక పోతుంది. శాసనంలోని మాటల్ని మనసులో పదేపదే తిప్పాడు. 'సాక్షి లేని మాట చెప్పరాదు. అటువంటి మాటను నమ్మి ఏ పనీ చేయరాదు.' ఏ పనీ! ఆ మాట దగ్గర ఆగాడు. భయం ఎక్కువయ్యేసరికి ఉపాయం తోచింది. ఉపాయం తోచాక భయం రెండింతలైంది.

నాలుగో రోజు రాజు సభకు బయలుదేరాడు. గుమ్మం దాకా వచ్చి, బిరుదుల కోసం ఆగాడు. వందిమాగధులు గొంతు సవరించుకుని, "మహాకాయా!" అని ఒక్కసారి అరిచి ఊరుకున్నారు.

"మిగతావి?" అన్నాడు రాజు.

"అధికారిగారు వద్దన్నారు ప్రభూ," అన్నాడు వారిలో పెద్దవాడు, బిక్కచచ్చిపోయి.

బయ్యన్న ముందుకొచ్చి చేతులు జోడించాడు. "ప్రభూ, 'సూర్యుని తమ్ముడు' అన్నదానికి సాక్షి కోసం వెతికాను, దొరకలేదు. 'మూడు సముద్రాల నీరు తాగిన గుర్రాల వాడు' అన్నారు. మన గుర్రాలు ఏరు దాటినట్టు వాటిని కాసే సాహిణీలు కూడా చెప్పలేకపోయారు. పదహారింటిలో కళ్లకు కనబడుతున్నది ఒక్కటే తేలింది. ఏలినవారి కాయం పెద్దది."

సభలో ఎవరో దగ్గారు. రాజు కళ్లు చిన్నవి చేసి బయ్యన్నను చూసి, ఏమీ అనకుండా లోపలికి నడిచాడు. నడిచి, ఆగిపోయాడు.

వేదిక మీద సింహాసనం లేదు.

అది పెరటి వాకిట్లో నేలమీద ఉంది. పక్కన కట్టెలు కొట్టేవాడు ఒకడు గొడ్డలి పట్టుకుని బిత్తరచూపులు చూస్తున్నాడు.

"ఏమిటిది?" అన్నాడు రాజు. ఈసారి ఆ సన్నటి గొంతు కత్తి అంచులా ఉంది.

"కొలిమికి కట్టెలు తక్కువయ్యాయి ప్రభూ," అన్నాడు బయ్యన్న. "వానలకు అడవి కట్టె తడిసిపోయింది. కోటలో బాగా ఎండిన కట్టె ఏదా అని చూస్తే ఇది కనిపించింది. నూటయాభై ఏళ్ల పాత ఇప్పకర్ర. బాగా మండుతుంది."

"రాజద్రోహం!" అని అరిచాడు సోమయాజి. "భటులారా!"

ఇద్దరు భటులు వచ్చి బయ్యన్న భుజాలు పట్టుకున్నారు. ఒకవిధంగా అది మంచిదే అయింది. లేకపోతే అతను అక్కడే కూలబడేవాడు.

"మంత్రివర్యా, ఒక్క సందేహం తీర్చి తల తీయించండి," అన్నాడు బయ్యన్న. "ఇది వట్టి కర్ర కాదని మీరంటున్నారు. సరే. మరేమిటి?"

"ఈ వంశానికి మూలపురుషుడు కూర్చున్న పవిత్ర పీఠం! చంటిపిల్లలకు కూడా తెలుసు!"

"ఆయన కూర్చోగా చూసినవారు ఈ సభలో ఎవరైనా ఉన్నారా?"

సోమయాజి సభలోని వరసల వైపు చూశాడు.

"చూసినవారు లేరని తార్కికులు తమరే ఒప్పుకుంటారు కదా," అన్నాడు బయ్యన్న. "సాక్షి లేని మాటను నమ్మి ఏ పనీ చేయరాదని రాసిందీ తమరే. ఈ కర్రను పీఠమని నమ్మి, రోజూ దండం పెట్టి, పసుపు పూసి, దీనిమీద కూర్చున్నవారిని రాజని పిలవడం పని కాదా?"

ఆ చివరి మాటకు సభలో కొందరు నేలను చూశారు.

రాజు మెల్లగా పెరట్లోకి నడిచాడు. సింహాసనం పక్కన వంగి, దాని మీద చెయ్యి వేశాడు.

"నువ్వు హద్దు దాటావు బయ్యన్నా," అన్నాడు. "ఇది కర్ర అంటావా? మా ముత్తాత గొడ్లు కాసుకునేవాడు. పెద్ద కరువొచ్చింది. ఊళ్లో ఒకటే ఊట, రోజుకు నాలుగు కడవల నీళ్లు. జనం ఒకరినొకరు చంపుకునే స్థితికి వచ్చారు. అప్పుడాయన ఒక ఇప్పమొద్దు దొర్లించుకొచ్చి ఊట పక్కన వేసుకు కూర్చున్నాడు. ఇంటికింత అని పంచాడు. అందరికీ పోశాక మిగిలితే తాను తాగాడు. లేని రోజున తాగలేదు. నలభై రోజులు ఆ మొద్దు మీది నుంచి లేవలేదు. వాన పడిన రోజున జనం ఆయన్ని ఆ మొద్దుతో సహా ఎత్తుకుని ఈ కొండమీదికి తెచ్చారు. ఆ మొద్దే ఇది. బంగారు రేకు తరవాత కొట్టారు. మా నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! ఆ నాలుగు కడవల నీళ్లు నా కళ్ల ముందు..."

చెబుతూ చెబుతూ రాజు సింహాసనం మీది పగులొకటి వేలితో తడుముతున్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడడం, అందరూ అంత చెవులు రిక్కించి వినడం ఎన్నడూ జరగలేదు.

"నాయనమ్మగారు చూశారా ప్రభూ?" అన్నాడు బయ్యన్న.

"ఆవిడ అప్పటికి పుట్టలేదు. వాళ్ల అత్తగారు చెప్పింది."

"ఏలినవారు పట్టానికి వచ్చిన ఏడు మొదట చేయించిన పని ఏమిటి?"

"ఊటకాలువ. ఆ సంగతి నీకూ తెలుసు."

"కోట గోడలు కూలి ఉండగా, ముందు కాలువ ఎందుకు తవ్వించారు ప్రభూ?"

"నీళ్లు పంచినవాడి వంశంలో పుట్టి..." అని మొదలుపెట్టిన రాజు చటుక్కున ఆగిపోయాడు.

బయ్యన్నే అందుకున్నాడు. భయంతో అతని గొంతు కూడా సన్నగానే వచ్చింది. "మంత్రివర్యా, నాకిప్పుడొక చిక్కు వచ్చిపడింది. ఈ సభలో సాక్షి లేని కథ ఒకటి నా చెవిన పడింది. ఫిర్యాదు చేయకపోతే నా నాలుక పోతుంది. చేస్తే తల పోతుంది. ఏది పోవాలో తమరే సెలవివ్వండి."

సోమయాజి రాజు వంక చూశాడు. రాజు సోమయాజి వంక చూశాడు.

"మనుషుల నాలుకలు కోసి గంటకు నాలుక పెట్టమన్నాం కదయ్యా," అన్నాడు రాజు, తనలో తాను అనుకుంటున్నట్టు. "వదలండి అతన్ని. శాసనం చింపేయండి."

భటులు వదిలారు. బయ్యన్న నేలమీద కూర్చుండిపోయాడు. కాని రాజు ఇంకా అయిపోలేదన్నట్టు వేలెత్తాడు.

"కథ చెప్పనిస్తాను. మూడోసారి పోసేటప్పుడు నేనే వచ్చి కూర్చుంటాను. కథతోనూ గంట రాకపోతే, సోమయాజి చెప్పిందే నిజమనుకుంటాను. అప్పుడు గురవాచారి చేతులూ, నీ నాలుకా రెండూ పోతాయి."



మూడోసారి కొలిమి రాజేసిన రోజు పొద్దున్నే రాజు వచ్చి, అరుగు మీద పరిచిన కంబళిపై కూర్చున్నాడు. సోమయాజి పక్కన నిలబడ్డాడు. కొండమ్మ పీటమీద కూర్చుని కళ్లు మూసుకుని కథ ఎత్తుకుంది. మొదట్లో గొంతు తడబడింది. గిన్నెలు పోగుచేసే చోటికి వచ్చేసరికి కుదుటపడింది. పన్నెండు తిత్తులూ ఒక్క ఊపిరిగా కదిలాయి. బిందె కరిగింది. పెళ్లి పళ్లెం దగ్గర గురవాచారి కళ్లు తుడుచుకుంటూ తగరం వేశాడు. రాజు కూడా ఉత్తరీయం అంచుతో ముక్కు ఒత్తుకోవడం బయ్యన్న చూశాడు.

అప్పుడు కొండమ్మ ఆగింది.

తరవాత రావలసింది రాజుగారు మంచును తిట్టే చోటు. ఎదురుగా రాజు కూర్చుని ఉన్నాడు. కొండమ్మ అన్నయ్య వైపు చూసింది. మంట పెరుగుతోంది. తిత్తులు ఆగడం లేదు. కరుగు మీద రంగు మారుతోంది. గురవాచారి నుదుటి నుంచి చెమట కళ్లలోకి కారుతోంది.

"చెప్పు," అన్నాడు గురవాచారి, పెదవులు కదిపీ కదపకుండా.

కొండమ్మ చెప్పింది. "...రాజుగారు కొండకెక్కి 'తొలగిపో' అని అరిచారట. ఆ అరుపు... దోమ పాడినట్టుంది. చెవి దగ్గర ఏదో ముసురుతోందనుకుని మంచు కొండను ఇంకాస్త దగ్గరకు లాక్కుని, ముసుగులా కప్పుకుని పడుకుందట."

ఎవరూ నవ్వలేదు.

పన్నెండు మందీ పళ్లు బిగబట్టి ఊదుతూనే ఉన్నారు. మంట బుసకొడుతోంది. తెట్టు పైకి రావడం లేదు. గురవాచారి గరిటె ఎత్తి పట్టుకుని, తీయడానికి ఏమీ లేక అలాగే నిలబడ్డాడు. ఇంకొంచెం సేపైతే కంచు మాడిపోతుంది. బయ్యన్న నవ్వాలని చూశాడు. పెదవులు విడలేదు. జీవితమంతా రాజును నవ్వించినవాడికి ఆ ఒక్క నవ్వూ రాలేదు.

అప్పుడు "కీ" అని ఒక చప్పుడు వినిపించింది. అందరూ తలలు తిప్పారు.

రాజు నవ్వుతున్నాడు. అంత భారీ ఒళ్లూ కదిలిపోతోంది. నవ్వు మాత్రం దారం తెగినట్టు సన్నగా వస్తోంది. "ముసుగులా కప్పుకుందా!" అన్నాడు. "మా సభలోనూ అంతేనే కొండమ్మా! నేను కేకలేస్తే వెనక వరసలో వాళ్లు శాలువలు సర్దుకుంటారు!"

దాలయ్య ఫక్కుమన్నాడు. ఆ తరవాత ఎవరూ ఆగలేదు. పన్నెండు మందీ తిత్తులు వదిలి పొట్టలు పట్టుకున్నారు. మంట దిగింది. కరుగు మీద నల్లని తెట్టు మెల్లగా తేలింది. గురవాచారి ఒక్క గరిటెతో దాన్ని తీసి పారేశాడు. అడుగున కంచు ఉదయపు ఎండలా మెరిసింది.

"ఇక చెప్పు, ఆయన వచ్చాడా?" అన్నాడు రాజు ముందుకు వంగి.

"వస్తున్నాడు ప్రభూ. అదిగో, అడుగుల చప్పుడు," అంది కొండమ్మ.

గురవాచారి కరుగును అచ్చులోకి వదిలాడు.

అచ్చు చల్లారడానికి అయిదు రోజులు పట్టింది. ఆ అయిదు రోజులూ బయ్యన్న దాన్ని ఎన్నిసార్లు చూసి వచ్చాడో వీధి కుక్కలకు కూడా తెలుసు. ఆరో రోజు గురవాచారి మట్టి పగలగొట్టాడు. చిల్లు లేదు, బీట లేదు. నాలుక కట్టి ఒకసారి కదిపాడు. ఆ నాదం కొండల్ని తాకి, తిరిగొచ్చి, ఏరు దాటిపోయింది. ముసలి దాలయ్య ఏడుస్తూ చేతులెత్తి మొక్కాడు.

రాజు చాలాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. "ఇది నేను సభకొచ్చానని చాటడానికి కాదు," అన్నాడు చివరకు. "మంచు దిగిన పొద్దుల్లో మోగించండి. కొండమీద ఎవరైనా ఉంటే ఇల్లు చేరతారు." గురవాచారి చేతులకు తన బంగారు కంకణాలు తొడిగాడు. కొండమ్మకు ఊటకాలువ కింద పొలం ఇచ్చాడు. బయ్యన్నను దగ్గరకు పిలిచి తన శాలువ తీసి కప్పాడు.

"ఇక మీద సభలో నేను చెప్పింది ఎవరికీ వినపడకపోతే, నువ్వు గట్టిగా చెప్పాలి," అన్నాడు.

"ఏలినవారు చెప్పిందే చెప్పాలా ప్రభూ, చెప్పాల్సింది చెప్పాలా?" అన్నాడు బయ్యన్న.

రాజు మళ్లీ కీచుమని నవ్వాడు. సోమయాజి కూడా నవ్వక తప్పలేదు.

కొన్నాళ్లకు కంచరివీధిలో కొత్త కథ ఒకటి పుట్టింది. ఒకరోజు బయ్యన్న అటు పోతూ ఆగి విన్నాడు. అందులో ఒక అడపం మోసేవాడు సింహాసనాన్ని భుజాన వేసుకుని, చిరునవ్వుతో, సింహంలా రాజుకు ఎదురు నిలిచాడు. బయ్యన్నకు సిగ్గేసింది. కథ అయ్యాక కొండమ్మ దగ్గరకు పోయి మెల్లగా అన్నాడు.

"అలా జరగలేదమ్మా. నాకు కాళ్లు వణికాయి. భటులు పట్టుకోకపోతే పడిపోయేవాణ్ణి."

కొండమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "నిజమేనా బాబూ?"

"నిజం. నేనే సాక్షిని."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదయ్యా?" అంది ఆమె, పీట ముందుకు లాక్కుంటూ. "అదే కదా కథలో వెలితిగా ఉన్నది. ఇంతవరకు విన్నవాళ్లంతా భేష్ అని వెళ్లిపోతున్నారు. ఇక మీద విన్నవాళ్లలో భయస్థుడొకడుంటే, అతను 'నాలాంటివాడే' అనుకుని కాసేపు లేవకుండా కూర్చుంటాడు."